మోసిన్ చొక్కా స్క్రూటినీ

పుంగనూరు,
ఆగస్టు 4, 2025

బేటీ యాస్మిన్‌కు దాదీ జాహెదాబీ సలాం.

నేను చెబుతున్నాను, ఎదురింటి టైలరు రేష్మ రాస్తున్నది. "ఇక్కడ అందరం క్షేమం" అని ఆమె ముందే రాసేసింది. కొట్టేయించాను. నీ అబ్బా మట్టిలోకి పోయి ఆరు నెలలు కాలేదు, ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్ని. ఇంక అందరం ఎవరు?

ఫోన్ చెయ్యరాదా అంటావు. ఫోన్‌లో నేను గట్టిగా ఒక మాటంటే "సిగ్నల్ లేదు దాదీ" అని పెట్టేస్తావు. కాగితానికి సిగ్నల్ పోదు. చివరిదాకా చదవాల్సిందే.

మదనపల్లె లేబర్ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. మన అర్జీ "స్క్రూటినీలో తిరస్కరించడమైనది" అని ముద్ర కొట్టారు. రేష్మ పైపేజీ మూడుసార్లు చదివింది, తక్కినవి ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ మాట మాత్రం ఆమెకూ తెలియదు. పోస్టుమ్యాన్ కదిలిపోబోతే పట్టుకుని అడిగాను. "ఎలక్షన్లప్పుడు నామినేషన్లు సూస్తారు గదమ్మా, అదీ" అన్నాడు. నా కొడుకేం ఎలక్షన్లో నిలబడ్డాడా? నువ్వు ఇంగ్లీషులో ఎమ్మే చదువుతున్నావు. ఆ మాట యాడ పుట్టింది, ఎవరు వాడారు, ఎందుకు వాడారు, అంతా రాయి. నన్ను గెంటేసిన మాట సంగతి నాకు తెలియాలి.

అర్జీలో ఏముందో నీకు మళ్ళీ చెబుతున్నాను. శాంతిపురం దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో క్రేన్‌కు వేలాడే రాతిపలక మీద పడి నా కొడుకు మోసిన్ చనిపోయాడు. వాడు తాగి తూలుతూ పలకకు ఎదురు నడిచాడని ఫ్యాక్టరీవాళ్ళు రాశారు. నేను రాయించిన మొదటి వాక్యం ఇది: "నా కొడుకు జన్మలో మందు ముట్టలేదు." పరిహారం నాకు అక్కరలేదు. ఆ తాగుబోతు మాట కొట్టేయాలి, అంతే.

నలభయ్యో రోజు ఫాతిహాకు అరవై మందికి వండించాను. అద్దెకు తెచ్చిన ప్లేట్లు సగం తడి తగలకుండానే వెనక్కి పోయాయి. మసీదు వీధిలో ఎవరూ ఎదురుగా ఏమీ అనరు. "పాపం, అల్లా మాఫ్ చేయాల" అంటారు. నా కొడుక్కి మాఫీ అడగడానికి వీళ్ళెవరు?

ఆఫీసు కాగితం నకలు ఇందులో పెట్టాను. వెంటనే రాయి.

దాదీ (వేలిముద్ర)

*

యూనివర్సిటీ హాస్టల్, కుప్పం,
ఆగస్టు 13, 2025

ప్రియమైన దాదీ,

రేష్మ ఆంటీ, ఇది మెల్లగా చదివి వినిపించండి. దాదీ మధ్యలో కోప్పడితే ఆగి, మళ్ళీ మొదలుపెట్టండి.

దాదీ, నువ్వడిగిన మాట చాలా దూరం నుంచి వచ్చింది. రోమ్ వాళ్ళ పాత భాష లాటిన్. అందులో "స్క్రూటా" అంటే చిరుగుగుడ్డలు, పనికిరాని పాత సామాను. ఆ కుప్పలో చెయ్యిపెట్టి ఒక్కొక్కటీ తిరగేసి వెతకడం నుంచి "శోధించు" అనే మాట పుట్టిందని పండితుల ఊహ. ఊహే సుమా, అందరూ ఒప్పుకోరు. మా లైబ్రరీలో పెద్ద నిఘంటువు కూడా "బహుశా" అనే రాసింది.

తర్వాత ఆ మాట చర్చిలోకి పోయింది. కొత్తగా మతంలోకి వచ్చేవాళ్ళను కొన్నాళ్ళపాటు పరీక్షించి, మనసులో ఏముందో అడిగి తెలుసుకునేవాళ్ళు. ఆ పరీక్షల పేరు అదే. పెద్దల్ని ఎన్నుకోవడానికి ఓట్లు తీసుకునే పద్ధతికీ ఆ పేరే పెట్టారు. ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు, ఆరువందల ఏళ్ళ కిందట, మొదట ఓటు అర్థంతోనే వచ్చింది. "దగ్గరగా, శ్రద్ధగా చూడడం" అన్న అర్థం మరో రెండువందల ఏళ్ళకు గానీ రాలేదు. ఇప్పుడు నామినేషన్లకూ పరీక్ష పేపర్లకూ పన్ను కాగితాలకూ అన్నిటికీ అదే. పోస్టుమ్యాన్ చెప్పింది తప్పు కాదు.

విచిత్రం చూడు దాదీ. ఈ చదువంతా చదివించింది నువ్వు ఏరి అమ్మే పాతబట్టల కుప్ప. ఆ చదువులో వెతుకుతూ పోతే చివర దొరికింది కూడా అదే కుప్ప.

ఇంకొక మాట చెబుతాను, కోప్పడకు. ఈ కేసు ఇంతటితో వదిలేద్దాం. ఆఫీసు కాగితం మొత్తం చదివాను. అందులో కొన్ని సంగతులున్నాయి. అబ్బాను అల్లా ఎలాగూ చూసుకుంటాడు. నువ్వు ఆ మెట్లెక్కి దిగి మోకాళ్ళు పాడుచేసుకోవద్దు.

నీ యాస్మిన్

*

పుంగనూరు,
ఆగస్టు 22, 2025

యాస్మిన్‌కు,

రేష్మ నీ ఉత్తరం రెండుసార్లు చదివింది. మొదటి సగం మూడోసారి చదవమన్నాను.

నలభై రెండేళ్ళుగా నేను చేస్తున్న పనికి రోమ్‌లో పేరుందన్నమాట! ఇక్కడ మాత్రం "ఏయ్ పాతబట్టలమ్మా" అంటారు. సరే, పని తెలిసినదాన్ని కాబట్టి అడుగుతున్నాను. వాళ్ళు చేసింది స్క్రూటినీయేనా?

మా అత్త నాకు పని నేర్పినప్పుడు వరస చెప్పింది. ముందు వాసన. ఆసుపత్రి బట్టా, వంటింటి బట్టా, పొలం బట్టా ముక్కు చెబుతుంది. తర్వాత కాలరు. ఆ తర్వాత అంచు, కుట్టు. చివర జేబు పూర్తిగా తిరగేసి, అందులో ఏముంటే అది తట్టలో వేసి పదిమందికీ కనబడేట్టు పెట్టాలి. ఉంగరమైనా బీడీముక్కైనా సరే. అప్పుడే ఏ కుప్పో తేలేది. నూలుదంతా మెకానిక్కులు చేతులు తుడుచుకునే గుడ్డగా మదనపల్లెకు పోతుంది, తక్కింది పరుపులకు. చెయ్యి పెట్టకుండా చూపుతో కుప్ప వేస్తే అత్త వీపు విమానం మోత మోగించేది.

మదనపల్లె ఆఫీసులో ఎవడు చెయ్యి పెట్టాడు? ఎవడు తిరగేశాడు? మొదటి వాక్యం చూసి ముద్ర కొట్టారు.

నీ ఉత్తరం రెండో సగానికి వస్తాను. "వదిలేద్దాం" అన్నావు. ఎందుకన్నావో నాకు తెలిసింది. నీ అబ్బాతో పనిచేసిన కదిరప్ప మొన్న సంతకు వచ్చి చెప్పాడు.

"అమ్మా, మీ యాస్మినమ్మ ఫ్యాక్టరీ కాడికి రెండుతూర్లు వచ్చినాది. ఆఫీసురూములో మేనేజరుతో మాట్లాడతా ఉండాది."

"యాల వచ్చినాది?"

"ఏమో మా, ఉద్యోగానికేమో. కంప్యూటర్ తెలిసిన ఆడపిల్లకోసం సూస్తాండారు."

నా కొడుకు రక్తం కడిగిన రాళ్ళ మీద కుర్చీ వేసుకుని కూర్చుంటావా? అందుకేనా నాకు మోకాళ్ళ సంగతి చెప్పావు? ఆ తాగుబోతు రాత రాసింది అతనే, ఆ మేనేజరే. రేష్మ ఈ మాట రాయనంటున్నది. రాయించాను.

జవాబు రాయాలనిపిస్తే రాయి.

జాహెదాబీ (వేలిముద్ర)

*

కుప్పం,
సెప్టెంబరు 3, 2025

దాదీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు క్లాసుకు పోలేదు. ఉద్యోగం అడగడానికి నేను అక్కడికి పోలేదు. అబ్బా చనిపోయిన చోటు చూడాలని పోయాను. మొదటిసారి గేటులోంచే పంపేశారు. రెండోసారి మేనేజరు "చూసి పో" అన్నాడు. అక్కడ రాతిబురద ఎత్తిపోసే హనుమక్క నా చెయ్యి పట్టుకుని వెనకవైపుకు తీసుకుపోయింది.

"నీ నాయన పడిన మర్నాడే క్రేన్‌కి కొత్త రోపు ఏసినారు పాపా. పాతది యాడికి పోయిందో. నేను సెప్పినానని సెప్పొద్దు, నాకు ఇద్దురు బిడ్డలు."

కొత్త స్టీలు తాడు ఎందుకు వేశారు దాదీ? పాతది తెగి ఉంటేనే కదా. ఇది నేను నీకు ముందే రాయాల్సింది. రాయకపోవడానికి కారణం ఉంది. అది రాస్తే ఇంకొకటి కూడా రాయాలి.

ఆఫీసు కాగితం నాలుగో పేజీలో ఆసుపత్రి రక్తపరీక్ష ఉంది. అబ్బా రక్తంలో మందు ఉంది. నీ మొదటి వాక్యం "జన్మలో ముట్టలేదు" అని ఉంది. వాళ్ళు ఈ రెండూ పక్కపక్కన పెట్టి, అర్జీ మొత్తం అబద్ధమని మూసేశారు. అర్జీలో తక్కిన పేజీలు ఎవరూ చదవలేదు. హనుమక్క మాట ఎక్కడా లేదు, చెప్పినా ఇప్పుడు నమ్మరు.

అబ్బా తాగేవాడు దాదీ. పదిహేను రోజులకొకసారి నన్ను చూడ్డానికి కుప్పం వచ్చేవాడు. బస్టాండులో నాకు బన్ను కొనిచ్చి, తను లవంగం నములుతూ కూర్చునేవాడు. లవంగం వెనక ఆ వాసన నాకు తెలిసేది. ఒకసారి అడిగేశాను. కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

"మీ అమ్మీ పోయినప్పటి నుంచి తల్లీ. రాయి కోసే మోత చెవుల్లోంచి పోదు. దాదీకి చెప్పకు. దాదీకి తెలిస్తే నేను బతకను."

మాటిచ్చాను. ఆయన పోయాక కూడా ఆ మాట నిలబెట్టుకుంటున్నానని అనుకున్నాను. నిన్ను వదిలేయమన్నది అందుకే.

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన అబ్బా బట్టల మూట ఇంకా అటకమీదే ఉందా? ఇంటి మనిషి ఒంటిమీది బట్టను కుప్ప వేసే చోట విప్పకూడదని నీ నియమం నాకు తెలుసు. కానీ బట్ట చదవడం నీకొక్కదానికే వచ్చు.

యాస్మిన్

*

పుంగనూరు,
అక్టోబరు 19, 2025

బేటీ,

ఆరు వారాలు జవాబు రాయలేదు. రేష్మ రోజూ వాకిట్లో నిలబడి "రాద్దామా దాదీ" అనేది. పొమ్మన్నాను. నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావని చెప్పింది. విన్నాను. నేనే తియ్యలేదు.

ముందు ఒకటి చెబుతాను. నువ్వు ఉద్యోగానికి పోయావన్నాను. తప్పు మాట. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

మొన్న ఆదివారం మూట దించాను. మనలో చనిపోయినవాళ్ళ బట్టలు ఎవరికైనా దానం ఇస్తాం. ఇవి దానానికి పనికిరావు, కాల్చడానికి చెయ్యి రాలేదు. అందుకే ఎనిమిది నెలలు అటకమీద పడున్నాయి. మన ఒంటి బట్ట మన చేతుల్లో చిరుగుగుడ్డ కాకూడదని మా అత్త చెప్పేది. మా ఇంటి పాతబట్టలన్నీ సోమలలో మన పనే చేసే నాగమ్మ దగ్గరికి పంపేదాన్ని, ఆమెవి నా దగ్గరికి వచ్చేవి. ఆమెను పిలిపిద్దామా అనుకున్నాను. వద్దనిపించింది. వాడి చొక్కా ఇంకొకరు తిరగేయడమా? తలుపు వేసి, దుప్పటి పరిచి, నేనే కూర్చున్నాను.

వాసన పోయింది. మట్టివాసన, పాతరక్తం వాసన, అంతే. కాలరు బాగుంది. ముందువైపు రాతిబురద చుక్కలు, అవి ఏ రోజైనా ఉండేవే. వెనక్కి తిప్పాను. కుడిభుజం మీదనుంచి ఎడమ నడుము దాకా ఏటవాలుగా ఒక నల్లటి గీత ఉంది. గ్రీజు. మెకానిక్కుల గుడ్డలు వేలకొద్దీ చూశాను, గ్రీజులో పాతదేదో కొత్తదేదో నాకు తెలుసు. అది ఏళ్ళతరబడి ఇనుమును పట్టుకుని ఉన్న గ్రీజు, ఇసుక కలిసి గట్టిపడినది. ఆ గీత పొడవునా దారాలు తెగి ఉన్నాయి, జానెడుకు నాలుగు చోట్ల. పళ్ళు దిగినట్టు సన్నటి రంధ్రాలు. తెగిన తీగెల తాడు కొట్టిన దెబ్బ అది బేటీ. వాడు పలకకు ఎదురు నడవలేదు. పలకకు వీపు పెట్టి ఉన్నాడు. ముందు తాడు తెగి వీపున కొట్టింది, ఆ తర్వాతే రాయి.

జేబు తిరగేశాను. పాలిథిన్ కవరులో చుట్టిన లవంగాలు, తొమ్మిది.

రేష్మా, ఇక్కడినుంచి నేను చెప్పింది చెప్పినట్టే రాయి, మెత్తగా చెయ్యొద్దు.

నాకు తెలుసు యాస్మిన్. మొదటి రోజునుంచీ తెలుసు. ఒక చొక్కా ఎన్ని ఊళ్ళు తిరిగిందో ముక్కుతో చెప్పేదాన్ని, నా కొడుకు చొక్కా ఉతుకుతూ తెలుసుకోలేనా? వాడు లవంగం నమిలి వచ్చి "అమ్మీ, పంటి నొప్పి" అనేవాడు. నేను "వేడినీళ్ళతో పుక్కిలించు" అనేదాన్ని. నా వంటింటి డబ్బాలో లవంగాలు తగ్గేవి. బిర్యానీ ఏడాదికి రెండుసార్లు వండే ఇల్లు మనది. అయినా డబ్బా నింపి పెట్టేదాన్ని. నింపి, వాడికి అందే అరలో పెట్టేదాన్ని. కనిపెట్టానని వాడికి తెలిస్తే ఇంటికి రావడం మానేస్తాడని భయం. ఒక్కసారి కూర్చోబెట్టి "యాల తాగుతాండావు నాయనా" అని అడగలేదు. ఐదేళ్ళు లవంగాలు పోశాను.

అర్జీలో ఆ వాక్యం తెలియక రాయించలేదు. తెలిసే రాయించాను. నా అబద్ధాన్ని చూసి వాళ్ళు నా నిజాన్ని కూడా పారేశారు.

తిరిగి విచారించమని అర్జీ పెట్టించాను. నవంబరు పదకొండున పిలిచారు.

దాదీ (వేలిముద్ర)

*

కుప్పం,
అక్టోబరు 29, 2025

దాదీ,

నీ ఉత్తరం పట్టుకుని చాలాసేపు హాస్టల్ మెట్లమీద కూర్చున్నాను. ఆయన నీ దగ్గర దాచాడు, నేను దాచాను, నువ్వు మా ఇద్దరి దగ్గరా దాచావు. ముగ్గురం ఒకే ఇంట్లో తిన్నాం.

పదకొండున నాకు పరీక్ష. మానేసి వస్తానంటే నువ్వు కొడతావని తెలుసు. అందుకే రాస్తున్నాను. ఇక్కడ ఒక వకీలును అడిగాను. చొక్కా గట్టి సాక్ష్యమే అన్నారు. అయితే అర్జీలో అబద్ధం రాయించావని నీ నోటితో ఒప్పుకుంటే, అవతలివాళ్ళు దాన్నే పట్టుకుంటారట. "అప్పుడు నాకు తెలియదు, తర్వాత తెలిసింది" అను. తల్లికి తెలియకపోవడం నేరం కాదు. ఎవరూ నిన్ను తప్పుపట్టరు. అబ్బా కూడా నీకు తెలియదనే అనుకుంటూ పోయాడు. అలాగే ఉండనీ. రోపు సంగతి ఒక్కటీ చెప్పు.

ఈ ఒక్కసారి నా మాట విను.

నీ యాస్మిన్

*

పుంగనూరు,
నవంబరు 13, 2025

బేటీ యాస్మిన్‌కు,

పరీక్ష బాగా రాశావని రేష్మ ఫోన్‌లో అడిగి చెప్పింది. సంతోషం.

మొన్న పొద్దున ఆరు గంటల బస్సుకు రేష్మ, నేను మదనపల్లె పోయాం. మూట ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టరు "పైన పెట్టమ్మా" అన్నాడు. పెట్టలేదు.

ఆఫీసులో ఒక మేడమ్. నీకంటే పదేళ్ళు పెద్దదేమో. ఫ్యాక్టరీ తరఫున ఒక వకీలు, మేనేజరు. సాక్ష్యం చెప్పడానికి కదిరప్పను తీసుకొచ్చారు. నన్ను చూసి తలొంచుకున్నాడు.

మేడమ్ బల్లమీద ఫైళ్ళు జరిపించి చొక్కా పరిచాను. మేనేజరు కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. వాసన ఎప్పుడో పోయింది, వాడి ముక్కుకేం తెలుసు. గీత చూపించాను. తెగిన దారాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాను. మేడమ్ కుర్చీలోంచి లేచి వచ్చింది. తనే వేలు పెట్టి చూసింది. ఆ అమ్మాయిని మెచ్చుకోవాలి, చెయ్యి పెట్టింది.

"కదిరప్పా, రోపు తెగిందా?" అని అడిగింది.

కదిరప్ప చొక్కా వంకే చూస్తున్నాడు. "నా ముందరే తెగినాది మేడమ్" అన్నాడు. మేనేజరు ఏదో అనబోయాడు. "నువ్వు ఉండప్పా సామీ, నాకు నిద్దర పట్టడంలా" అని కదిరప్ప బయటికి పోయాడు. పిలిచినా రాలేదు.

అప్పుడు వకీలు లేచాడు. మెత్తగా మాట్లాడే మనిషి.

"అమ్మా, అర్జీలో మీ కొడుకు ఎప్పుడూ తాగలేదని రాశారు. రక్తపరీక్ష తాగాడంటోంది. మీకు తెలియదు కదా? తల్లికి తెలియకపోవచ్చు, మాకు అర్థమవుతుంది."

నువ్వు రాసిన మాటే అతను నా నోట్లో పెట్టబోయాడు. ఒక్క "అవును" అంటే చాలు. నీ ఉత్తరం గుర్తొచ్చింది. "అలాగే ఉండనీ" అన్నావు.

"తెలుసు" అన్నాను. "ఐదేండ్లుగా తెలుసు."

"అంటే అర్జీలో అబద్ధం రాశారా?"

"రాసింది ఈ రేష్మ. అబద్ధం నాది. ఆమెనేమీ అనొద్దు."

రేష్మ ఏడ్చింది. మేడమ్ అడిగింది, "ఇప్పుడెందుకు చెబుతున్నారమ్మా? ఈ కేసుకు ఇది అవసరం లేదు."

"చొక్కా తిరగేసినాను మేడమ్. జేబులో ఏముంటే అది బయట పెట్టాల. నాకు పనికొచ్చింది సూపించి తక్కింది దాచుకుంటే, వాళ్ళు చేసింది నేనూ చేసినట్టే గదా."

నేను ఎందుకు చెప్పానో నీకు మాత్రం ఇంకొంచెం చెబుతాను. నాకు తెలియదంటే, నా కొడుకు ఐదేళ్ళు ఒంటరిగా తాగి ఒంటరిగా పోయినట్టు కాగితంలో ఉండిపోతుంది. అడగకపోయినా వాడి తల్లి పక్కగదిలోనే ఉంది. అది కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి అనిపించింది. సరైందో కాదో నాకు తెలియదు. నీ మాట వినలేదు.

మేడమ్ రాసింది చదివి వినిపించమన్నాను. "మృతుడు మద్యం సేవించే అలవాటు గలవాడని అతని తల్లి స్వయంగా ఒప్పుకొన్నది" అని మొదలైంది. ఆ తర్వాత, "అయితే మరణం రోపు తెగిన కారణంగా, వెనుకనుంచి తగిలిన దెబ్బతో సంభవించినట్లు కనబడుతున్నది." మొదటి వాక్యం కిందికి పెట్టమన్నాను. మేడమ్ తల అడ్డంగా ఊపింది. "నేను విన్న వరసలోనే రాయాలమ్మా, ముందు మీ వాంగ్మూలమే." సరేనన్నాను. ఏ మాట కొట్టేయించాలని ఈ మెట్లెక్కానో ఆ మాట కింద నా వేలితో నేనే ముద్ర వేసి వచ్చాను.

శుక్రవారం మసీదు వీధిలో ఎవరైనా అడిగితే రెండూ చెబుతాను. ఎవరూ అడగరు. నేనే చెబుతాను.

చొక్కా కేసు తేలేదాకా ఆఫీసులోనే ఉండాలట. గుమాస్తా నంబరు రాసిన కవరు తెరిచి "ఇందులో వేసేయండి" అన్నాడు. కుప్పలోకి పోయే గుడ్డను మేం మడవం, వేసేస్తాం. నేను బల్లమీదే బొత్తాలు పెట్టాను. ఒక బొత్తం లేదు, దాని చోటు వదిలాను. చేతులు వెనక్కి మడిచి, కాలరు పైకి వచ్చేట్టు, వాడు పనికి పోయే ముందు రోజు రాత్రి ఎలా మడిచి పెట్టేదాన్నో అలా మడిచి ఇచ్చాను.

దాదీ జాహెదాబీ (వేలిముద్ర)